చదరంగం నడిచిన దారి – 5: మూల గడిలో బండి

గత సంచికలో చదరంగాన్ని పారశీక రాజు ఖుస్రో అనూషిర్వాన్ కొలువులో వదిలి వచ్చాం. పచ్చలతో పదహారు, కెంపులతో పదహారు పావులు చేయించి హిందూదేశపు రాజు పంపిన చిక్కును మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ విప్పేశాడు. బదులుగా నర్ద్ అనే పాచికల ఆటను పంపి ఇటువాళ్ళకు దిక్కు తోచకుండా చేశాడు. ఇది పారశీకులు చెప్పుకున్న కథ కనక గెలుపు వాళ్ళదే కావడంలో వింత లేదు. ఈసారి కథలు పక్కన పెట్టి పావుల పేర్లు పట్టుకుని నడుద్దాం. నామటుకు నాకు కథలకంటే పేర్ల సాక్ష్యం మీదే గురి.

నాకు ఆట నేర్పింది మా తాతయ్య. మూలన ఏనుగు, దాని పక్కన గుర్రం, గుర్రం పక్కన శకటు, నడుమ రాజూ మంత్రీ, ముందు వరసలో బంట్లు. శకటం అంటే బండి అని బళ్ళో తెలుసుకున్న రోజు నాకో అనుమానం పుట్టింది. “తాతయ్యా, బండి ఐమూలగా ఎలా పోతుంది?” అన్నాను. “వానాకాలంలో చేలగట్టు మీద బండి తోలి చూడరా, తిన్నగా పోతే చెప్పు” అని ఆయన తన ఎత్తు తను వేసేశాడు. ఆ జవాబుతో చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాను. బల్ల మీద నిజంగానే ఒక తారుమారు జరిగిందని చాలా తర్వాత గాని తెలియలేదు.

చతురంగాలంటే రథ గజ తురగ పదాతులు. పారశీకులు ఆటను తీసుకుంటూ ఈ నాలుగింటికీ తమ మాటలు పెట్టుకున్నారు. ఏనుగు పీల్, గుర్రం అస్ప్, రథం రుఖ్, బంటు పయాదగ్. నడుమ షా, అతని మంత్రి ఫర్జీన్. అరబ్బీలో ‘ప’ లేదు కనక అరబ్బుల చేతికి వచ్చేసరికి పీల్ కాస్తా ఫీల్ అయింది. వాళ్ళ బల్ల మీద మూల గడిలో నిలబడేది రుఖ్, అంటే రథం. రాజుకూ మంత్రికీ చెరో పక్కన నిలబడేది ఫీల్, అంటే ఏనుగు. తూర్పుకు వెళ్తే చైనావాళ్ళ షియాంగ్‌ఛీలో కూడా మూలన ఉండేది రథమే.

ఇప్పుడు మన బల్ల చూడండి. ఏనుగు మూలకు పోయింది. బండి లోపలికి వచ్చింది. రెండూ తావులు మార్చుకున్నాయి, తావుల నడకలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అందుకే తిన్నగా పోవలసిన బండి ఐమూలగా పోతోంది. మా తాతయ్య చేలగట్టు మీద నేరం మోపాడు గాని, తప్పు గట్టుది కాదు. హిందీవాళ్ళకూ మూలన ఉండేది హాథీయే. లోపలి గడిలో మాత్రం వాళ్ళు బండిని కాకుండా ఒంటెను నిలబెట్టారు.

ఈ మార్పిడి ఎప్పుడు మొదలైంది? పాత సాక్ష్యం ఒకటి అరబ్బుల దగ్గరే దొరుకుతుంది. 9వ శతాబ్దంలో ఖలీఫాల కొలువులో పేరుమోసిన ఆటగాడు అల్ అద్లీ, భారతీయులు ఆడే ఒక పద్ధతిలో ఏనుగులు మూలల్లో ఉంటాయని రాశాడు. 1030 ప్రాంతంలో అల్ బిరూనీ ఈ దేశపు ఆట గురించి రాసినప్పుడు మరో వింత చెప్పాడు.  ఇక్కడి ఆటలో ఏనుగు ముందుకు ఒక గడి, నాలుగు మూలలకూ ఒక్కొక్క గడి పోతుంది. మొత్తం ఐదు గళ్ళు, ఒక తొండం నాలుగు కాళ్ళు అన్నమాట. బర్మావాళ్ళ సిట్టుయిన్ ఆటలో ఏనుగు ఇవాళ్టికీ ఇలాగే నడుస్తుంది.

అంటే మన దేశంలో ఏనుగుకు ఒకే తావు, ఒకే నడక అని ఏనాడూ లేదు. కాశ్మీరం నుంచి కల్యాణి దాకా ఆడిన ఆటకు ఒకే నియమావళి ఉంటుందనుకోవడమే పొరపాటు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజుల వినోదాల మధ్య చదరంగానికీ చోటిచ్చాడు. ఏనుగు మూలకు ఎందుకు చేరిందన్నదానికి నాకు తోచిన కారణం ఒకటుంది, ఇది ఊహ అనే చదవండి. పాత ఆటలో అందరికంటే బలమైన పావు మూలనుంచి తిన్నగా దూసుకుపోయేదే. యుద్ధభూమిలో రథాలు ఏనాడో మాయమయ్యాయి. గజబలం మాత్రం విజయనగరం నాటికీ సైన్యానికి వెన్నెముకే. పక్కనే ఒడ్డెరాజులు గజపతి అని బిరుదు పెట్టుకుని ఏలుతున్నారు. అలాంటి కాలంలో బలమైన పావును బండి అంటారా, ఏనుగు అంటారా?

ఏనుగు అనిపించుకున్న పాత ఫీల్ ఎంత బలహీనమైందో చూస్తే జాలేస్తుంది. అది ఐమూలగా రెండో గడికి దూకుతుంది, అంతే. ఒక్క గడి పోలేదు, మూడు పోలేదు. కాగితం మీద గీసి చూసుకోండి: జీవితకాలం తిరిగినా ఒక ఫీల్ అరవై నాలుగు గళ్ళలో ఎనిమిదింటిని మాత్రమే తొక్కగలదు. బల్ల మీద నాలుగు ఫీల్‌లున్నాయి కదా, వాటి ఎనిమిదేసి గళ్ళు ఒకదానితో ఒకటి కలవవు. అంటే ఎదుటి ఏనుగును చంపడం ఏ ఏనుగుకూ సాధ్యం కాదు. ఫర్జీన్ సంగతీ అంతంతే, ఐమూలగా ఒక్క గడి కదిలేది.

గుర్రం మాత్రం అప్పటి నడకను ఇప్పటికీ మార్చుకోలేదు. అందుకు మన కవులే సాక్షులు. 9వ శతాబ్దపు కాశ్మీర అలంకారికుడు రుద్రటుడు కావ్యాలంకారంలో తురగపద బంధం చూపించాడు. గళ్ళలో ఒక్కో అక్షరం రాసి, గుర్రం దూకే వరసలో చదివితే మళ్ళీ శ్లోకం వచ్చే గారడీ అది. 14వ శతాబ్దంలో వేదాంత దేశికులు పాదుకాసహస్రంలోనూ అదే పని చేశారు. రుద్రటుడి గడుల మీద ఇవాళ్టి గుర్రాన్ని నడిపినా ఒక్క అక్షరం తప్పదు. తెలుగువాళ్ళం మరో మెట్టెక్కి చదరంగాన్ని అష్టావధానంలోకే లాక్కొచ్చాం. పక్కన ఒకరు సమస్య ఇస్తుంటే, మరొకరు నిషిద్ధాక్షరి పట్టుకు కూర్చుంటే, అవధాని ఎత్తులు కూడా చెప్పాలి.

ఇక పడమరకు పోదాం. అరబ్బులు పావులను మనుషులుగా, జంతువులుగా చెక్కే అలవాటు చాలావరకు మానుకున్నారు. ఫీల్ అంటే వాళ్ళకు తలమీద రెండు చిన్న బుడిపెలున్న గుండ్రటి దిమ్మ, ఆ బుడిపెలే దంతాలు. ఏనుగును ఎన్నడూ చూడని యూరపువాళ్ళ చేతికి ఆ దిమ్మ చేరింది. రెండుగా చీలిన ఆ తల ఇంగ్లీషువాళ్ళకు చర్చి పీఠాధిపతి పెట్టుకునే టోపీలా కనిపించింది కాబోలు, బిషప్ అన్నారు. ఫ్రెంచివాళ్ళకు అది విదూషకుడి టోపీ, పైగా ఫీల్ అన్న మాట వాళ్ళ నోట అరిగి అరిగి ‘ఫూ’ అయింది, అంటే పిచ్చివాడు. ఇటలీవాళ్ళు అల్‌ఫీల్‌ను అల్‌ఫియేరె అని విన్నారు, జెండా పట్టేవాడని అర్థం. జర్మన్లు పరుగెత్తేవాడు అన్నారు. రష్యన్లు మాత్రం ఇప్పటికీ స్లోన్ అంటారు, స్లోన్ అంటే ఏనుగే.

రుఖ్‌దీ ఇదే బాపతు. ఇటలీలో రోకో అన్నారు, రోకా అంటే వాళ్ళ భాషలో కోట. అలా రథం రాయై కూర్చుంది. రష్యాలోనూ బెంగాల్లోనూ అది పడవ. బెంగాల్ సైన్యంలో పడవ ఉండటం సబబే గాని, 1790లో ఆసియాటిక్ రిసెర్చెస్‌లో ఈ ఆట మీద వ్యాసం రాసిన సర్ విలియం జోన్స్‌కు గుర్రాల, ఏనుగుల నడుమ పడవ బొత్తిగా మింగుడుపడలేదు.

స్కాట్లండ్ దగ్గర లూయిస్ దీవిలో 1831లో బయటపడ్డ పావులు ఈ మార్పును కళ్ళకు కడతాయి. 12వ శతాబ్దంలో నార్వేలో చెక్కి ఉంటారని పండితుల లెక్క. ఎక్కువభాగం వాల్రస్ అనే సముద్రజంతువు దంతంతో చేసినవే. బిషప్పులు టోపీలు పెట్టుకుని చేతికర్రలు పట్టుకుని ఉంటారు. మూలన ఉండాల్సిన రుఖ్ ఒక కాలిభటుడు. కొందరు భటులైతే పూనకం వచ్చినట్టు తమ డాళ్ళనే కొరుకుతుంటారు. ఆ గుంపుకు చెందిన ఇంకో భటుణ్ణి 1964లో ఒక పాతసామాన్ల వర్తకుడు ఐదు పౌన్లకు కొన్నాడు. అది ఏమిటో తెలియక ఇంట్లో సొరుగులో పడుంది. 2019లో వేలం వేస్తే 7,35,000 పౌన్లు పలికింది.

దంతం అంటే మన విశాఖపట్నం గుర్తుకు రావాలి. 18, 19 శతాబ్దాల్లో అక్కడి దంతపు పనివాళ్ళు దొరలకోసం పెట్టెలూ బల్లలూ చేసిన చేత్తోనే చదరంగం పావులూ చెక్కారు. ఆ ముక్కలు ఇప్పుడు సీమ మ్యూజియాల్లో, వేలంశాలల్లో కనిపిస్తాయి. ఏనుగు దంతంతో ఏనుగు పావును చెక్కే పనివాడికి ఏమనిపించేదో! ఇవాళ పోటీల్లో వాడే నమూనా మాత్రం 1849లో లండన్లో నథానియల్ కుక్ పేరిట నమోదైంది. అప్పటి ప్రసిద్ధ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ తన పేరు వాడుకోనిచ్చాడు, ఆయన పేరే నిలిచిపోయింది. స్టాంటన్ నమూనా కొయ్య పావులు ఇప్పుడు పెద్దయెత్తున తయారయ్యేది మన అమృత్‌సర్‌లో.

మంత్రి రాణి అయిన సంగతి ఈ ధారావాహికలో విడిగా చెప్పాల్సినంత ఉంది, ఇక్కడ ముక్తసరిగానే చెబుతాను. స్విట్జర్లండ్‌లో ఐన్‌జీడెల్న్ మఠంలోని 10వ శతాబ్దాంతపు లాటిన్ పద్యంలో ఫర్జీన్ స్థానంలో రాణి కనిపిస్తుంది. కాని ఆమె నడక ఇంకా ఆ ఒక్క గడే. 1475 ప్రాంతంలో స్పెయిన్లోని వాలెన్సియాలో ఆమెకు ఎనిమిది దిక్కులా పట్టపగ్గాల్లేని నడక వచ్చింది. అదే ఊపులో ఫీల్ కూడా దూకుడు మాని ఐమూలగా ఎంత దూరమైనా పోవడం మొదలుపెట్టింది. ఇటలీవాళ్ళు కొత్త ఆటకు పెట్టిన పేరుకు ‘పిచ్చెత్తిన రాణి ఆట’ అని అర్థం.

రాణి కదిలాక ఆట వేగమే మారిపోయింది. అరబ్బుల కాలంలో మొదటి డజను ఎత్తులు ఎదుటివాడి వైపు చూడకుండానే వేసుకోవచ్చు. అలా సైన్యాన్ని తీర్చి నిలబెట్టడాన్ని తాబియా అనేవారు. 10వ శతాబ్దపు మేటి ఆటగాడు అస్ సూలీ లాంటివాళ్ళు ఈ తాబియాలను పేర్లతో సహా గ్రంథాలకెక్కించారు. ఇప్పటి గ్రాండ్‌మాస్టర్లు కూడా బాగా తెలిసిన ఓపెనింగ్ స్థితిని తాబియా అనే అంటారు. కొత్త ఆటలో ఆ తీరిక లేదు, నాలుగో ఎత్తుకే రాజుకు ఆటకట్టు కావచ్చు. అందుకే ఓపెనింగుల పుస్తకాలు పుట్టుకొచ్చాయి. 1497లో సాలమాంకాలో లుసేనా, 1512లో రోమ్‌లో దమియానో, 1561లో అల్కలాలో రుయ్ లోపెజ్ అనే పూజారి.

పేర్ల విషయంలో ఈ ముగ్గురికీ జరిగిన న్యాయం నవ్వొచ్చేలా ఉంటుంది. లుసేనా స్థితి అని ప్రతి శిష్యుడూ నేర్చుకునే ఏనుగు–బంటు ముగింపు లుసేనా పుస్తకంలోనే లేదు. దమియానో ఒక ఎత్తు పనికిరాదని హెచ్చరించాడు, లోకం దానికే దమియానో డిఫెన్స్ అని పేరు పెట్టింది. రుయ్ లోపెజ్ కొంత నయం. ఆయన ఇటలీ వెళ్ళినప్పుడు విన్న గాంబెత్తో అన్న మాటను గాంబిట్‌గా ఆటలోకి తెచ్చాడు. గాంబా అంటే కాలు, కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేసే పట్టు అది. బంటును ఎరవేసి ఎదుటివాణ్ణి బోర్లా పడేయడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

ఎత్తులను కాగితం మీద పెట్టడం మరో పేచీ. పాత పుస్తకాల్లో ఒక ఎత్తు చెప్పడానికి వాక్యం మొత్తం కావాల్సి వచ్చేది: తెల్లరాజు వైపు గుర్రాన్ని తన శకటు ముందున్న మూడో గడిలోకి నడిపించుము, అన్నట్టు. తర్వాత దాన్నే కుదించి వాడారు గాని, చిక్కు వేరే చోట ఉంది. ఆ పద్ధతిలో తెల్లవాడు తన వైపునుంచీ నల్లవాడు తన వైపునుంచీ లెక్కపెట్టేవాళ్ళు. దాంతో ప్రతి గడికీ రెండు పేర్లు. తెల్లవాడి రాజు నాలుగో గడి నల్లవాడికి రాజు ఐదో గడి. ఒకే వీధికి రెండు చివర్లవాళ్ళు రెండు పేర్లు పెట్టుకుంటే పోస్ట్‌మాన్ ఏమైపోవాలి?

ఈ ముడి విప్పినవాడు అలెప్పో నుంచి వచ్చిన సిరియా దేశస్థుడు ఫిలిప్ స్టామా. 1737లో పారిస్‌లో అచ్చయిన పుస్తకంలో నిలువు వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరసలకు 1 నుంచి 8 దాకా అంకెలు పెట్టాడు. ఎటునుంచి చూసినా గడికి ఒకటే పేరు. తర్వాత ఆయన లండన్ చేరి రాజుగారి కొలువులో తూర్పు భాషల దుబాసీ అయ్యాడు. 1747లో ఫ్రాన్స్ సంగీతకారుడు ఫిలిదోర్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఆ ఓటమి నీడలో ఆయన పద్ధతికి ఇంగ్లీషువాళ్ళు రెండు శతాబ్దాలకు పైగా విలువివ్వలేదు. 1969లో బాబీ ఫిషర్ తన అరవై ఆటల పుస్తకాన్ని పాత పద్ధతిలోనే రాశాడు. 1981లో గాని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే స్టామా దారిలోకి పూర్తిగా రాలేదు.

గళ్ళ లెక్క తీరినా పావుల అక్షరాలు మిగిలాయి. ఇంగ్లీషువాడి బిషప్పు అక్షరం వేరు, జర్మనువాడి పరుగులవాడి అక్షరం వేరు. చిన్నప్పుడు నా నోటుపుస్తకంలో గుర్రానికి గు, శకటుకు శ అని రాసుకునేవాణ్ణి. బెల్‌గ్రేడ్ నుంచి 1966లో మొదలైన చెస్ ఇన్ఫర్మేటర్ అక్షరాలే తీసేసి పావుల బొమ్మలు అచ్చువేసింది. ఆ ప్రచురణకర్తలే ఓపెనింగులన్నిటినీ ఏ నుంచి ఈ దాకా ఐదు అక్షరాల కింద, అక్షరానికి నూరు చొప్పున ఐదువందల అరల్లో సర్దారు.

అరలకు సంకేతాలున్నా ఆటగాళ్ళ నోట నలిగేవి పేర్లే. 1834లో లండన్, పారిస్ నగరాలు ఉత్తరాల మీద ఆడుకున్న పందెంలో పారిస్‌వాళ్ళు పట్టిన ఎత్తు ఫ్రెంచ్ డిఫెన్స్ అయింది. 1824లో ఎడిన్‌బరో ఆడిందే స్కాచ్ గేమ్. మరి కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో–ఇండియన్, ఇన్ని ఇండియన్లు ఎక్కడివి?

దీని వెనక ఉన్నది ఒక బెంగాలీ. మన పాత నియమాల్లో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే పోతుంది. కోట కట్టడం ఉండదు, రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. అందుకని మనవాళ్ళు తొందరపడేవారు కాదు. బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో శకటును కూర్చోబెట్టి, దూరంనుంచి ఐమూలగా కాపు కాసేవారు. 1840ల చివర్లో కలకత్తాలో బారిస్టరుగా ఉన్న స్కాట్లండ్ వాడు జాన్ కాక్రేన్‌కు అలాంటి ఆటగాడు మహేశ్‌చంద్ర బెనర్జీ తారసపడ్డాడు. మహేశ్‌చంద్ర యూరపు నియమాలు నేర్చుకున్నాడు గాని తన పద్ధతి వదల్లేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఆడారు, ఆ ఆటలు లండన్ పత్రికలకెక్కాయి. పత్రికలవాళ్ళకు ఆయన చాలాసార్లు ‘బ్రాహ్మణుడు’ మాత్రమే.

1848లో కాక్రేన్ ఆయన మీద నాలుగో ఎత్తుకే గుర్రాన్ని బలిచ్చి నల్లరాజును నడివీధిలోకి లాగాడు. అది కాక్రేన్ గాంబిట్ పేరుతో ఇప్పటికీ బతికే ఉంది. 1855లో మహేశ్‌చంద్ర నల్ల పావులతో గుర్రం ఎఫ్6, బంటు జీ6, బంటు డీ5 అని వరసగా ఆడి, శకటును జీ7లో కూర్చోబెట్టాడు. అది 67 ఏళ్ళ తర్వాత వియన్నా ఆటగాడు ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ చేతిలో పడి గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అయింది. ఇద్దరూ ఆడిన ఆటల్లో ఒకరి పేరు పేరుగానే నిలిచింది, రెండోవారి పేరు దేశం పేరులో కలిసిపోయింది.

2024 డిసెంబర్ 12న సింగపూర్లో ప్రపంచ టైటిల్ పోటీ చివరి ఆట. స్కోరు 6.5–6.5. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన పద్దెనిమిదేళ్ళ గుకేశ్‌వి నల్ల పావులు. తెల్లవైపు డింగ్ లిరెన్ పట్టింది, వ్యాఖ్యాతల మాటల్లో, గ్రున్‌ఫెల్డ్‌నే తిరగేసిన రూపం. ఆట ముగింపుకు వచ్చింది, డ్రా అనే అందరూ అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగుకు ఏనుగు మార్చుకుందామన్నాడు. గుకేశ్ మార్చుకున్నాడు. మరుక్షణం తన శకటును డీ5 మీద పెట్టి శకటుకు శకటు కూడా ఇచ్చి తీరాల్సిందే అన్నాడు. తెల్ల శకటు తప్పించుకోవడానికి దారిలేదు, ఎందుకంటే అది నిలబడి ఉన్నది ఏ8లో, బల్ల చిట్టచివరి మూల గడిలో. బండి మళ్ళీ తన పాత తావుకే చేరింది, తిన్నగా నడవడం మాత్రం ఎప్పుడో మరిచిపోయింది. మరో రెండు ఎత్తులకు డింగ్ చేయి చాచాడు.

(సశేషం)